రాజు బల్లయొద్ద మెఫీబోషెతు

వాక్యభాగము: 2 సమూయేలు 9వ అధ్యాయము



బరంపురములోను, గంజాం జిల్లా పల్లెలలోను, ఇక్కడినుండి బ్రతుకుతెరువు కొరకు దూరప్రాంతములకు వెళ్లి స్థిరపడిన మన తెలుగు సంఘములలోను ఈ పత్రికను చదివే కుటుంబములన్నింటిని దేవుడు దీవించును గాక.

ఈసారి మెఫీబోషెతును గూర్చి ధ్యానించుకొందాము. అయితే ఆయనతోపాటు ఒక ఆటగాని సంగతికూడ చెప్పదలచినాము. వాక్యధ్యానములో ఆటలేమిటని కొందరు పెద్దలు అనుకొనవచ్చును. కొరింథులోని విశ్వాసులకు వ్రాసినప్పుడు పౌలు భక్తుడు పందెపు రంగములో పరుగెత్తువారిని, ముష్టియుద్ధము చేయువారిని తెచ్చి చూపించెను. మొదటి పత్రిక 9వ అధ్యాయము తీసి చూడండి. ఎదుటివారికి తెలిసిన సంగతినుండి తెలియని సంగతికి తీసికొనిపోవుట అపొస్తలుని పద్ధతి.

బరువులెత్తుట బరంపురమువారికి కొత్త కాదు. ఈ ఊరినుండి వచ్చిన కాటులు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్‌వెల్తు క్రీడలలో 69 కిలోల విభాగములో మొత్తము 321 కిలోలెత్తి బంగారు పతకము పొందిన సంగతి మన పిల్లలకు తెలుసును. ఆయన నిలువబడి ఎత్తినవాడు. ఈ ధ్యానములో మేము చెప్పబోవునది పండుకొని ఎత్తువారి సంగతి. వారు నిలువలేరు.

పారాలింపిక్స్ అను క్రీడలలో పవర్ లిఫ్టింగు ఒకటి. కాళ్లలోగాని నడుములోగాని బలము లేనివారు, కాలు పోయినవారు ఇందులో పాల్గొంటారు. దీని చరిత్ర క్లుప్తముగా చెప్పుదుము. హిట్లరు కాలములో జర్మనీ విడిచి ఇంగ్లండుకు వలసవచ్చిన యూదుడు, లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు, స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేసెను. అంతకు ముందు అట్టివారిని మంచముమీద పడుకోబెట్టి, చావు వచ్చువరకు కనిపెట్టుకొని యుండుటే చాలామందికి తెలిసిన వైద్యము. ఆయన వారికి ఆటలు పెట్టెను. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్స్ ప్రారంభమైన దినముననే, ఆ ఆసుపత్రి ఆవరణలో 16 మంది బాణములు వేసే పోటీలో పాల్గొనిరి. 1960లో రోమాలో ఆ క్రీడలు పెద్దవైనవి. 1964లో టోక్యోలో బరువులెత్తుట చేర్చబడినది. స్త్రీలకు ఈ పోటీలో అవకాశము 2000 సంవత్సరములో సిడ్నీలో దొరికినది. ఇదంతా ఒక వలసవాని చేతిలో మొదలైన పని అని మనవంటివారు గమనించవలెను.

ఇప్పుడు ఆ ఆట ఎట్లు జరుగునో చెప్పుదుము, ఎందుకనగా మా ధ్యానమంతయు దానిమీద ఆనుకొని యున్నది. ఒక బల్ల యుండును. దాని పొడవు 2.1 మీటర్లు. నిలువగలవారు బెంచ్ ప్రెస్ చేసేటప్పుడు కాళ్లు నేలకు తన్ని ఆ బలముతో ఎత్తుతారు. వీరికి ఆ కాళ్లు లేవు, లేదా ఉన్నను పనిచేయవు. గనుక ఈ బల్ల కాళ్లుకూడ చాపుకొనుటకు సరిపోవునంత పొడవుగా చేయబడినది. కాళ్లు జారిపోకుండ పట్టీతో బల్లకు కట్టుకొనవచ్చును. ఎత్తువాడు వెల్లకిల పండుకొని కడ్డీని చేతులనిండ పట్టుకొని, మధ్యవర్తి సెలవియ్యగానే దానిని రొమ్ముమీదికి దించవలెను. అక్కడ అది కదలక నిలువవలెను. ఆ తరువాత రెండు చేతులు సమముగా పైకి నెట్టి, మోచేతులు బిగించి, మధ్యవర్తి మరల సెలవిచ్చువరకు పట్టుకొని యుండవలెను. ముగ్గురు మధ్యవర్తులలో ఇద్దరైనను తెల్లదీపము వెలిగించితేనే అది లెక్కకు వచ్చును. ఒక్కొక్కరికి మూడు అవకాశములు.

ఇందులో రెండు సంగతులు చూడండి. బరువు తగ్గించలేదు. కాళ్లు లేనివాడని జాలిపడి ఇరవై కిలోలు తక్కువకు లెక్కవేయరు. ఇరానుకు చెందిన సియామంద్ రెహమాన్ 2016లో రియో పారాలింపిక్స్‌లో ఎత్తినది 310 కిలోలు, అనగా మూడు క్వింటాళ్లకు పైబడి. దానికి నాలుగేండ్ల ముందు లండనులో 280 కిలోలతో బంగారు పతకము గెలిచినవాడే ఆయన. 2020 మార్చి 1న, ఇంకను ముప్పదిరెండేండ్లు నిండకముందే, చనిపోయెను. కాబట్టి బరువు బరువే. మారినదెల్లా బల్ల. రెండవది, కాలు తీసివేయబడినవారి శరీరపు బరువు తూచినప్పుడు, పోయిన అవయవమునకు ప్రతిగా కొంత బరువు కలిపి లెక్కిస్తారు. లేనిదానినికూడ లెక్కలోనికి తెచ్చిన నియమమిది. ఈ మాట చదివినప్పుడు మాకు ఒకింత ఆశ్చర్యము కలిగినది. మన సంఘపు రిజిస్టర్లలో అట్టి కాలమ్ ఎక్కడనైన ఉన్నదా?

మన దేశములో ఈ ఆటకు మొదటి పారాలింపిక్ పతకము తెచ్చినవాడు రాజిందర్ సింగ్ రహేలు. పంజాబులో జలంధరు జిల్లా మెహ్‌సంపూర్ గ్రామము ఆయనది. 1973లో ఒక బీద కుటుంబములో పుట్టెను. ఎనిమిది నెలల పసిబిడ్డగా ఉన్నప్పుడు పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడెను. ఆ దినములలో మన వీధులలోను అట్టి బిడ్డలు ఎందరో ఉండిరి. జ్వరము వచ్చినది, సూది వేయించినాము, తెల్లవారేసరికి కాలు పడిపోయినదని తల్లులు చెప్పుచుండుట మనలో పెద్దవారందరు వినియున్నారు. రహేలు ఇరవై ఏండ్లు దాటిన తరువాత, 1996లో, ఒక స్నేహితుడు ప్రోత్సహించగా బరువులెత్తుట మొదలుపెట్టెను. మొదటి ప్రయత్నములో ఎత్తినది 70 కిలోలు. ఆరు నెలలు గడుచునప్పటికి 115 కిలోలు ఎత్తుచుండెను. 2004లో ఏథెన్సు పారాలింపిక్స్‌లో 56 కిలోల విభాగములో 157.5 కిలోలెత్తి కంచు పతకము పొందెను. ప్రభుత్వము అర్జున పురస్కారమిచ్చి గౌరవించినది.

అక్కడితో ఆపివేస్తే ఇది పిల్లల పాఠ్యపుస్తకములోని కథవలె ఉండును. 2012లో ఆయన లండను పారాలింపిక్స్‌కు వెళ్లెను. అప్పటికి వయస్సు 39. కడ్డీకి 175 కిలోలు పెట్టించుకొనెను. మొదటిసారి తప్పెను. రెండవసారి అదే బరువు, తప్పెను. మూడవసారియు తప్పెను. మూడు అవకాశములు పోయిన తరువాత ఆయన పేరుకు ఎదురుగా అంకె ఏదియు నిలువలేదు. కడవరి స్థానముకూడ కాదు, అసలు స్థానమే లేదు. ఎనిమిదేండ్ల క్రిందట పతకము తెచ్చినవాడు ఆ రాత్రి ఉత్తచేతులతో గదికి వెళ్లెను. బరువు తగ్గించుకొని రెండవసారి ఎందుకు ఎత్తలేదని మీరు అడుగవచ్చును. ఈ ఆటలో ఒకసారి అడిగిన బరువును తరువాత తగ్గించుటకు వీలులేదు.

రెండేండ్లకు, 2014లో గ్లాస్గోలో జరిగిన కామన్‌వెల్తు క్రీడలలో రాజిందర్ సింగ్ రహేలు హెవీ విభాగములో వెండి పతకము పొందెను. వయస్సు 41. అదే క్రీడలలో బెంగాలుకు చెందిన సకీనా ఖాతూన్ అను సహోదరి, ఆమెకును పసితనములో పోలియోయే, స్త్రీల లైట్ విభాగములో కంచు పతకము తెచ్చెను. రహేలు తరువాత ఇతరులకు శిక్షకుడయ్యెను. 2022లో బర్మింగ్‌హాములో హర్యానాకు చెందిన సుధీర్ 212 కిలోలెత్తి ఈ ఆటలో మన దేశమునకు మొదటి కామన్‌వెల్తు బంగారు పతకము తెచ్చినప్పటికి, పద్దెనిమిదేండ్ల క్రిందట ఏథెన్సులో తెరువబడిన దారి బాగుగా నలిగినది.

వీరెవరిని మన సంఘపువారని చెప్పుటకు ఈ మాటలు వ్రాయుట లేదు. కపెర్నహూములోని శతాధిపతి ఇశ్రాయేలీయుడు కాడు. అయినను ప్రభువు అతనిని చూపించి తనవారికి బుద్ధి చెప్పెను. ఆలాగే ఈ సంగతులును మనకు బుద్ధి చెప్పనీయండి.

ఇప్పుడు వాక్యమునకు వచ్చుదము. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు పుట్టుకతో కుంటివాడు కాడు. అయిదేండ్ల ప్రాయమున, తాతయు తండ్రియు యుద్ధములో కూలిరను వార్త రాగా, దాది వానిని ఎత్తుకొని పరుగెత్తెను. ఆ తొందరలో వాడు పడిపోయి రెండు కాళ్లు చెడిపోయెను. ఆమె వానిని ప్రేమించినది, కాపాడవలెనని పరుగెత్తినది. ఇందులో ఎవరి పాపము వెదకుదము? యోహాను 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్ననే మనమును అడుగుచున్నాము. వీడు చేసిన పాపమా, కన్నవారు చేసిన పాపమా? ప్రభువు రెండును కాదనెను. రెండువేల సంవత్సరములైనను మనకు ఆ జవాబు చెవికెక్కలేదు. ఇంటిలో వికలాంగుడైన బిడ్డ యుంటే సంబంధము కుదుర్చుకొనుటకు వచ్చినవారు కాఫీ త్రాగి వెళ్లిపోవుదురు. ఆ వచ్చినవారు మనవారే, ఆదివారము మన ప్రక్క బల్లమీద కూర్చుండువారే.

మెఫీబోషెతు పెద్దవాడై ఎక్కడ నివసించెనో చూడండి. తన ఊరిలో కాదు. లోదెబారులో మాకీరు అనువాని ఇంట, పరాయి పంచన. వలసవచ్చిన మనకు ఆ బ్రతుకు చెప్పనక్కరలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి గంజాం మద్రాసునుండి విడిపోయిన తరువాత మన పెద్దలు లేచిపోకుండనే, ఉన్న ఇంటిలో ఉండగానే, వేరే రాష్ట్రపువారైరి. ఆ తరువాత వచ్చినవారు, ఇక్కడినుండి ఇంకొకచోటికి పోయినవారు సరే సరి. మరియొక సంగతికూడ జ్ఞాపకము చేసికొందాము. ఈ బరంపురములో విలియం బాంప్టన్ అను బాప్టిస్టు మిషనరీ 1827 డిసెంబరు 25న బాప్తిస్మమిచ్చిన మొదటి మనుష్యుడు ఒక తెలుగు నేతగాడు. దొరలు ఆయన పేరు ఎరున్ అని వ్రాసికొనిరి. మన నోట అది ఎర్రన్నయో ఏమో. ఒక్కని కొరకు నీటిలో దిగి, ఒక్కని కొరకు రొట్టె విరిచి, ఒక్కనికి బల్లయొద్ద చోటు చేసిరి. మన సంఘములు అక్కడ మొదలైనవి.

దావీదు లోదెబారునుండి మెఫీబోషెతును పిలిపించెను. వాడు సాష్టాంగపడి తన్ను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. ఎన్నో ఏండ్లు జాలిమీద బ్రతికినవాడు ఆలాగే మాటలాడును. రాజు ఆ మాటకు జవాబియ్యలేదు. సీబాను పిలిచి భూమి లెక్క చెప్పెను. సౌలు పొలము వీనిది, నీవును నీ కుమారులును దాసులును దున్ని పంట తెచ్చిపెట్టవలెనని ఆజ్ఞాపించెను. సీబాకు పదునైదుగురు కుమారులు, ఇరువదిమంది దాసులు. సీబాతో కలిపి ముప్పదియారుగురు ఒక్కని చోటు నిలువబెట్టుటకు పనిచేయవలసి వచ్చినది. పిమ్మట వాడు రాజకుమారులవలె రాజు బల్లయొద్ద ఎల్లప్పుడు భుజించుచుండెను. ఇది బిచ్చము కాదు. యోనాతానుతో చేసిన నిబంధననుబట్టి వానికి రావలసినది వచ్చినది.

ఈ అధ్యాయపు చివరి మాట మీరు స్వయముగా చదువుకొనవలెను. వాడు ఇప్పటికిని రెండు కాళ్లు కుంటివాడేనని గ్రంథకర్త మరల చెప్పి ముగించెను. మొదట చెప్పినదే చివరను చెప్పెను. వాడు స్వస్థపడలేదు. బల్లయొద్దకు వచ్చినందున కాళ్లు రాలేదు, కాళ్లు రాలేదని బల్లనుండి లేపనులేదు.

ప్రియులారా, మన సంఘములలో జరుగుచున్న ఒక సంగతిని ఇక్కడ దాచకుండ చెప్పవలసియున్నది. స్వస్థత కొరకు ప్రార్థించుట మనకు ఆజ్ఞ. మేము దానిని తక్కువ చేయుట లేదు, చేయబోము. అయితే ఒక సహోదరునిమీద పది కూటములలో చేతులుంచి ప్రార్థించి, పదకొండవ కూటములో కాళ్లు రాకపోతే, నీకు విశ్వాసము చాలలేదని అతనితో చెప్పుట ఎక్కడి వాక్యము? పౌలు తన ముల్లు తీసివేయుమని మూడుసార్లు వేడుకొనెను. అది తీసివేయబడలేదు. కృప చాలునని చెప్పబడినది. పౌలుకు విశ్వాసము చాలలేదని చెప్పుటకు మనలో ఎవరికి ధైర్యమున్నది? అపొస్తలునితో అనజాలని మాట మూలనున్న చేతికఱ్ఱ సహోదరునితో అనుచున్నాము. ఆ మాట విన్నవాడు తరువాతి ఆదివారము రాడు. రానందుకు మరియొక మాట అనుదుము.

మెఫీబోషెతుకును అట్లే జరిగినది. అబ్షాలోము తిరుగుబాటులో దావీదు పట్టణము విడిచి పోవునప్పుడు మెఫీబోషెతు వెంట వెళ్లలేదు. సీబా గాడిదలమీద రొట్టెలు ఎక్కించుకొని వచ్చి, వాడు రాజ్యము మీద ఆశపడి యింటనే యున్నాడని చెప్పెను. దావీదు విచారింపకయే వాని భూమిని సీబాకిచ్చెను. రాజు తిరిగివచ్చినప్పుడుగాని నిజము తెలియలేదు. 19వ అధ్యాయము చూడండి. గాడిదకు గంత కట్టించి ఎక్కిపోవలెనని వాడు కోరెను. పనివాడు మోసముచేసి విడిచిపోయెను. కాళ్లులేనివాడు గంత కట్టుకొనలేడు. వాడు రాకపోవుటకు కారణము భక్తి లేకపోవుట కాదు, గాడిద లేకపోవుట. మన సంఘ కార్యదర్శులు క్రమముగా రానివారి పట్టీ వ్రాయునప్పుడు ఒక్కొక్క పేరు ప్రక్కన గాడిద యున్నదో లేదో కనుక్కొని వ్రాయవలెనని మా మనవి.

మన దేశములో చివరి పోలియో రోగి 2011 జనవరి 13న హౌరాలో కనబడినది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. 1995నుండి ఆదివారములు ఇల్లిల్లు తిరిగి చుక్కలు వేసినవారిలో మన ఆడపడుచులును ఉన్నారు, దేవునికి స్తోత్రము. అందుచేత మన మధ్య పోలియో కాళ్లతో ఉన్నవారు ఇక పసిబిడ్డలు కారు. ముప్పదియు నలువదియు ఏబదియు దాటినవారు. పాటలు పాడగలవారు, లెక్కలు వ్రాయగలవారు, ఆదివార బడి నడుపగలవారు. వారిని ఇంకను ప్రార్థన మనవులలో ఒక పేరుగానే ఉంచినాము. డీకనుల ఎన్నికలో వారి పేరు ఎవరైన ప్రతిపాదించినారా? వీరికితోడు షుగరు వ్యాధివలన కాలు తీసివేయబడిన పెద్దలు, పక్షవాతము వచ్చినవారు, మోకాళ్లు అరిగిన తల్లులు ఏటేట ఎక్కువగుచున్నారు. మనమందరము ఆ వరుసలోనే నడుచుచున్నాము.

లేవీయకాండము 21వ అధ్యాయములో అంగహీనుడైన యాజకుడు బలిపీఠము సమీపించరాదని చెప్పబడిన మాట కొందరు ఎత్తి చూపుదురు. అదే అధ్యాయములో, అదే మనుష్యుడు అతిపరిశుద్ధమైన ఆహారము తినవచ్చునని చెప్పబడినదానిని వారు చదువరు. ధర్మశాస్త్రముకూడ వానికి భోజనము ఆపలేదు. మన దగ్గర ఆపినది ధర్మశాస్త్రము కాదు, మెట్లు. వానకాలములో నీరు లోనికి రాకుండ మన పెద్దలు గుడి అరుగు ఎత్తుగా కట్టిరి. అది బుద్ధిగల పనియే. ఆ అరుగు ఎక్కలేనివారికి ప్రభురాత్రి భోజనపు రొట్టె వాకిటికి పంపుచున్నాము, అదియు ఎవరికైన జ్ఞాపకము వచ్చినప్పుడు. వారు బల్లయొద్ద భుజించుట లేదు, బల్లనుండి వచ్చినది భుజించుచున్నారు.

రహేలుకు కాళ్లిచ్చినవారు లేరు. పొడవైన బల్ల ఇచ్చినవారున్నారు. ఆ బల్లమీద 157.5 కిలోలు ఎత్తినది మాత్రము ఆయనే, ఎవరును చేయి వేయలేదు.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము బహిరంగ కట్టడములన్నింటికి దారి ఉండవలెనని చెప్పుచున్నది. చట్టమునకు భయపడి చేయవలెనని మేము అనుట లేదు. లెక్క మాత్రము చెప్పుదుము. చక్రముల కుర్చీ సుళువుగా ఎక్కవలెనంటే ఒక అడుగు ఎత్తుకు పండ్రెండు అడుగుల వాలు కావలెను. ఆరంగుళముల మెట్లు నాలుగున్న గుడికి ఇరువదినాలుగు అడుగుల వాలుదారి. ఆవరణలో అంత నిడివి లేకపోతే మధ్యలో ఒక చదును వేసి త్రిప్పవచ్చును. ఒక ప్రక్క చేతికి ఇనుప గొట్టము ఉండవలెను. తలుపు మూడడుగులు ఉంటే మంచిది. లోపల ముందు వరుసలో ఒక బల్ల తీసివేసి ఖాళీ ఉంచవలెను, వెనుక వరుసలో కాదు. ప్రతి సంఘములోను తాపీపని తెలిసిన సహోదరులున్నారు, మన వలసబ్రతుకులలో ఆ చేతులకు కొదువలేదు. ఇసుకకు సిమెంటుకు క్రిస్మసు రంగుల ఖర్చు ఒక ఏడు ఆపితే సరిపోవును.

వచ్చే నెల మొదటి ఆదివారము రొట్టె విరువక మునుపు, ఒక డీకను లేచి వాకిటిలో ఎవరున్నారో చూచి రావలెను. ఇంటివద్ద ఉండిపోయినవారి పేర్లు సంఘములో చదువవలెను. ఎవరికి బండి ఉన్నదో, ఎవరు ఎవరిని తీసికొనిరాగలరో అప్పుడే అక్కడే నిర్ణయించుకొనవలెను. మీ గుడి మెట్లు ఎన్నో, అరుగు ఎత్తు ఎంతో కొలిచి మాకు వ్రాయండి.